ప్రాడిజీ అంటే ఫైర్‌స్టార్టర్ ఒక్కటేనా? తొలి రేవ్ రోజులు ఎవరికీ పట్టవా?

పాతక్యాసెట్టు
ఇంగ్లండ్ ఎలక్ట్రానిక్ సంగీత బృందం ప్రాడిజీ గురించి ఏ వ్యాసం తెరిచినా 1996 నుంచే మొదలవుతుంది. ఫైర్‌స్టార్టర్ పాట, అది పాడిన కీత్ ఫ్లింట్ జుట్టు, సొరంగంలో తీసిన ఆ నలుపు తెలుపు వీడియో. అంతకుముందు ఐదేళ్లపాటు ఈ బృందం ఇంగ్లండ్ అంతా తిరిగి రేవ్‌లనే డ్యాన్స్ పార్టీలలో జనాన్ని తెల్లవార్లూ ఆడించింది. 1992లో 'ఎక్స్‌పీరియన్స్' ఆల్బమ్ తెచ్చింది. అదంతా ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. పైగా 'కుర్రతనపు పని' అని ఒక ముద్ర. నాకు ఇది చాలా అన్యాయంగా తోస్తోంది. బ్రేక్‌బీట్ హార్డ్‌కోర్ అనే సంగీతం నుంచి ఇంత దూరం వచ్చి నిలబడిన బృందం ఇంకొకటి చూపించండి. పునాది గురించి ఒక్కరూ మాట్లాడరేమి?

మెరుపుతీగ
నాకు ఫైర్‌స్టార్టర్ కూడా ముందు పాటగా తెలియదు. మా అన్నయ్య 'వైపౌట్ 2097' అనే వీడియో గేమ్ ఆడుతుంటే వెనక మాటలు లేకుండా మోగేది. మీ ప్రశ్న చూసి 'ఎక్స్‌పీరియన్స్' మొదటిసారి విన్నాను. ఏమీ అనుకోకండి, అన్నీ ఒకేలా ఉన్నాయి. కీచు గొంతులు, ఊపిరాడని పరుగు. అందులో ఏమి వినాలో ఎవరైనా చెప్పండి.

నల్లరికార్డు
మెరుపుతీగ చెప్పింది నిజమే. 'ఎక్స్‌పీరియన్స్' ఆ కాలానికి సరిపోయింది, అంతే. 1994 నాటి 'మ్యూజిక్ ఫర్ ది జిల్టెడ్ జెనరేషన్' అసలైన మొదటి ఆల్బమ్. చార్టుల్లోనూ అదే తేడా. మొదటిది బ్రిటన్‌లో 12వ స్థానం దగ్గర ఆగింది, రెండోది నేరుగా 1.

దరువుదాసు
నేను రికార్డింగ్ స్టూడియోల్లో ప్యాడ్లు వాయిస్తాను. మెరుపుతీగ గారూ, గొంతులు వదిలేసి డ్రమ్ములు మాత్రమే వినండి.

హౌస్, టెక్నో సంగీతంలో కిక్ డ్రమ్ మాత్రకొకటి చొప్పున సమానంగా పడుతుంది. బ్రేక్‌బీట్ దారి వేరు. పాత ఫంక్, సోల్ రికార్డుల్లో మిగతా వాద్యాలన్నీ ఆగిపోయి డ్రమ్మర్ ఒక్కడే వాయించే చోటు ఒకటి ఉంటుంది. ఆ కొద్ది క్షణాల ముక్కను శాంప్లర్‌లోకి, అంటే శబ్దపు ముక్కను దాచి తిరిగి వాయించే పరికరంలోకి తీసుకుంటారు. కోస్తారు, తిరగేస్తారు, ఒక దాని మీద ఇంకొకటి పేరుస్తారు. మనిషి చేత్తో వాయించినది కాబట్టి దెబ్బ దెబ్బకూ బరువు మారుతుంది. సన్నగా వినిపించే స్నేర్ దెబ్బలు మధ్యలో దోబూచులాడతాయి. ఆ కదలికను యంత్రం వేగానికి ఎక్కిస్తే వచ్చేదే ఈ సంగీతం.

ఇక కీచు గొంతుల సంగతి. అప్పటి శాంప్లర్లలో మామూలుగా వేగం పెంచితే స్థాయి కూడా పెరిగేది. నిమిషానికి 100 మాత్రల దగ్గర నడిచే పాటలోని ముక్కను 140 దగ్గరికి లాగితే గాయని గొంతు పైకి పోతుంది. పరికరానికి ఉన్న ఆ పరిమితినే వాళ్లు ఒక రుచిగా మార్చుకున్నారు.

బృందానికి పాటలు కట్టే లియామ్ హౌలెట్ తొలి పాటలన్నీ రోలాండ్ డబ్ల్యూ-30 మీద కట్టాడు. కీబోర్డు, శాంప్లర్, సీక్వెన్సర్ మూడూ ఒకే పెట్టెలో ఉండే వాద్యం అది. దాని మెమరీ చాలా తక్కువ. పడకగదిలో కూర్చుని ఆ కాస్త చోటులో అన్ని దరువులు ఇరికించినవాణ్ణి 'కుర్రతనం' అంటే నేను ఒప్పుకోను.

పాతక్యాసెట్టు
దరువుదాసు గారూ, నేను ఇన్నాళ్లూ చెప్పాలనుకున్నది ఇదే. హౌలెట్ 1971లో పుట్టాడు. 'ఎక్స్‌పీరియన్స్' వచ్చేనాటికి ఇరవై ఒక్క ఏళ్లు.

ఎసెక్స్_పొద్దు
నేను ఇంగ్లండ్‌లో, ఎసెక్స్‌లోని చెమ్స్‌ఫర్డ్‌లో ఉంటాను, ప్రాడిజీ సొంతూరు బ్రెయిన్‌ట్రీ ఇక్కడికి దగ్గరే. ఈ బృందం ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. లండన్ కాదు, మాంచెస్టర్ కాదు. సంత జరిగే ఒక మామూలు చిన్న పట్టణం. ఆ పక్కనే 'ది బార్న్' అని ఒక క్లబ్బు ఉండేది. హౌలెట్ అక్కడ రికార్డులు వేసేవాడు. అప్పటికి హిప్-హాప్ బృందం ఒకటి వదిలేసి రేవ్ వైపు మళ్లాడు. కీత్ ఫ్లింట్ అతని దగ్గరికి వెళ్లి ఒక క్యాసెట్టు చేసి ఇమ్మన్నాడు. హౌలెట్ ఒకవైపు ఇతరుల పాటలు కలిపి, రెండోవైపు తను సొంతంగా కట్టినవి పెట్టి ఇచ్చాడు. క్యాసెట్టు మీద రాసిన పేరు ప్రాడిజీ. మూగ్ కంపెనీ సింథసైజర్ ఒకదాని పేరు అది. ఫ్లింట్, అతని స్నేహితుడు లీరాయ్ థార్న్‌హిల్ ఆ రెండోవైపు విని, నువ్వు వాయించు, మేము వేదిక మీద ఆడతాం అన్నారు.

అంటే ఫ్లింట్ గాయకుడిగా రాలేదు. నర్తకుడిగా వచ్చాడు. మొదట్లో షార్కీ అనే అమ్మాయి కూడా వాళ్లతో ఆడేది, 1991లో వెళ్లిపోయింది. ఇంకో సభ్యుడు మాక్సిమ్, పీటర్‌బరో ఊరి నుంచి వచ్చాడు, రెగే సౌండ్ సిస్టమ్‌ల (పెద్ద స్పీకర్లు పెట్టి రికార్డులు వేసే బృందాల) దారిలో మైకు పట్టినవాడు. తొలి ప్రదర్శన లండన్‌లోని డాల్‌స్టన్‌లో, 'ల్యాబిరింత్' క్లబ్బులో.

గోదారిగాలి
క్యాసెట్టు రెండో వైపు వల్ల పుట్టిన బృందం! మా ఇంట్లో క్యాసెట్ల రెండో వైపు ఎప్పుడూ సగంలో తెగిపోయిన భక్తిగీతాలే.

నల్లరికార్డు
కథ బాగుంది, ఎసెక్స్_పొద్దు. కానీ నా అభ్యంతరం అలాగే ఉంది. 'చార్లీ' సంగతి ఏమంటారు? పిల్లి అరుపు మీద పాట కట్టారు. 1991లో అది 3వ స్థానానికి వెళ్లింది. అది చూసి ప్రతివాడూ పిల్లల టీవీ కార్యక్రమాల మీద పడ్డాడు. స్మార్ట్ ఈస్ వాళ్లు సెసమీ స్ట్రీట్ పాటను తీసుకుని 2వ స్థానం, అర్బన్ హైప్ వాళ్లు ట్రంప్టన్ అనే బొమ్మల కార్యక్రమాన్ని తీసుకుని 6వ స్థానం. 'చార్లీ రేవ్‌ను చంపిందా?' అని డ్యాన్స్ సంగీత పత్రిక మిక్స్‌మ్యాగ్ 1992లో అడిగింది. అడగడంలో తప్పు లేదు.

పాతక్యాసెట్టు
తప్పు ఉంది. అనుకరించినవాళ్ల పాపం మొదట చేసినవాడి ఖాతాలో వేయడం ఏమి న్యాయం? 'చార్లీ'లో పిల్లి అరుపు తీసేసి వినండి. కింద ఉన్న బేస్, దరువు పూర్తిగా అండర్‌గ్రౌండ్ రేవ్ సంగీతం. సెసమీ స్ట్రీట్ పాటలో ఆ పిల్లల రాగం తీసేస్తే ఏముంటుంది?

ఇంకో సంగతి. ఆ పిల్లి ఏదో మామూలు కార్టూన్ పిల్లి కాదు. 1970లలో బ్రిటన్ ప్రభుత్వం పిల్లల భద్రత కోసం తీయించిన చిన్న చిత్రాల్లోది. బయటికి వెళ్లేముందు అమ్మకు చెప్పు అని హెచ్చరించే పిల్లి. అమ్మకు చెప్పకుండా శనివారం రాత్రి పొలాల్లోకి పోయిన తరానికి ఆ గొంతు వినిపించడంలో ఎంత చురుకుదనం ఉందో చూడండి. ఆ పిల్లలు ఆ చిత్రాలు చూసే పెరిగారు.

విశాఖ_అల
మిక్స్‌మ్యాగ్‌కు వాళ్లు జవాబు కూడా ఇచ్చారు. తమ 'ఫైర్' పాట వీడియోలో ఆ పత్రికను తగలబెట్టారు.

దరువుదాసు
అంతకంటే మంచి జవాబు 1993లో ఇచ్చారు. హౌలెట్ ఒక పాట కట్టి, పేరూ ఊరూ లేకుండా తెల్ల లేబుల్ వేసి డీజేలకు పంపాడు. దాని మీద 'ఎర్త్‌బౌండ్' అని మాత్రమే ఉంది. ప్రాడిజీ అంటే ముఖం తిప్పుకునే డీజేలు కూడా దాన్ని ఇష్టంగా వేశారు. ఆ తర్వాత అదే పాట 'వన్ లవ్' పేరుతో ప్రాడిజీ సింగిల్‌గా వచ్చి 8వ స్థానానికి వెళ్లింది. చెవులు పాటను వింటున్నాయా, పేరును వింటున్నాయా అన్నది అక్కడే తేలిపోయింది.

నల్లరికార్డు
ఇది నాకు నచ్చింది. అయినా దరువుదాసు గారు చెప్పింది నా వాదానికే బలం. 'వన్ లవ్' చేరింది 'జిల్టెడ్ జెనరేషన్'లోనే కదా. రేవ్ నుంచి బయటపడ్డాక హౌలెట్‌కు ఊపిరి ఆడింది. 'వూడూ పీపుల్'లో గిటారు, 'పాయిజన్'లో నెమ్మది దరువు, 'దెయిర్ లా'లో పాప్ విల్ ఈట్ ఇట్‌సెల్ఫ్ బృందంతో కలిసి ఆ కోపం. రేవ్‌లను నిషేధిస్తూ వచ్చిన చట్టానికి జవాబుగా పుట్టిన ఆల్బమ్ అది.

ఎసెక్స్_పొద్దు
తేదీలు సరిచేస్తాను. ఆల్బమ్ 1994 జులైలో వచ్చింది. క్రిమినల్ జస్టిస్ చట్టం ఆమోదం పొందింది నవంబరులో. ఆల్బమ్ వచ్చేనాటికి అది ఇంకా బిల్లుగా చర్చలో ఉంది, వీధుల్లో నిరసనలు జరుగుతున్నాయి. దీని వెనక 1992 మే నెలలో కాజిల్‌మోర్టన్ మైదానంలో జరిగిన ఉచిత రేవ్ ఉంది. వేలాదిమంది రోజుల తరబడి అక్కడే ఉండిపోయారు. పత్రికలు గగ్గోలు పెట్టాయి. చట్టంలో సంగీతాన్ని నిర్వచించిన తీరు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఒకదాని వెంట ఒకటిగా పదే పదే పడే దరువులు ప్రధానంగా ఉన్న శబ్దాలు కూడా అందులోకి వస్తాయట.

గోదారిగాలి
ఆ లెక్కన మా ఊరి జాతరలో డప్పులవాళ్లందరూ జైల్లో ఉండాలి.

దరువుదాసు
డప్పు ఒక్కటే కాదు, ఆ నిర్వచనం కింద ప్రపంచంలో సగం సంగీతం దోషి.

సంధ్యాకిరణం
ఆ ఆల్బమ్ లోపలి బొమ్మ గుర్తుందా? లోయ మీద తాళ్ల వంతెన. ఒకవైపు పొగగొట్టాలు, పోలీసులు. ఇటువైపు పచ్చిక, రేవ్ జనం. పొడుగు జుట్టు కుర్రాడొకడు వంతెన తాడు కోసేయబోతుంటాడు. బొమ్మ చూసే నేను ఆ ఆల్బమ్ కొన్నాను. హైదరాబాదు కోఠిలో ఒక చిన్న దుకాణంలో ఎవరో అమ్ముకున్న పాత సీడీ దొరికింది.

నల్లరికార్డు గారి మాటకు నా జవాబు. 'జిల్టెడ్'లో 'నో గుడ్' వినండి. గాయని గొంతు కీచుగా పైకి లాగిందే, దరువు రేవ్ దరువే. బయటపడ్డాడు అనడం కంటే వెంట తెచ్చుకున్నాడు అనాలి.

మెరుపుతీగ
డ్రమ్ములే వినమన్నారు కదా, 'అవుట్ ఆఫ్ స్పేస్' మళ్లీ విన్నాను. మధ్యలో అంతా ఆగిపోయి ఒక నెమ్మది పాట వస్తుంది, మళ్లీ ఒక్కసారిగా పరుగు. ఆ నెమ్మది పాట ఎవరిది?

విశాఖ_అల
మాక్స్ రోమియో. జమైకా గాయకుడు. 1976లో లీ పెర్రీ నిర్మాతగా చేసిన 'చేజ్ ది డెవిల్'. ప్రాడిజీ పాటలో ఆ ముక్క నాకు అన్నిటికంటే ఇష్టం. రెగేను ఎక్కడా పాడుచేయలేదు, దాని వేగంలో దాన్ని నడవనిచ్చాడు. పక్కనే న్యూయార్క్ రాప్ బృందం అల్ట్రామాగ్నెటిక్ ఎంసీస్ మాట ముక్కను వేగంగా తిప్పాడు. జమైకా, న్యూయార్క్, ఎసెక్స్ ఒకే పాటలో. బ్రిటన్ రేవ్ అంటే నాకు ఆ కలయికే. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబాల సౌండ్ సిస్టమ్‌లు లేకపోతే బ్రేక్‌బీట్ హార్డ్‌కోర్ లేదు, దాని వెంట వచ్చిన జంగిల్ అనే సంగీతం కూడా లేదు.

మీటలమనిషి
అందరూ మెచ్చుకుంటున్నారు సరే, ఆ ముక్కలు వాయించిన అసలు మనుషుల మాట ఎవరూ ఎత్తరేమి? హార్డ్‌కోర్, జంగిల్ సంగీతాల్లో అందరూ వాడుకున్న 'ఆమెన్' దరువు 1969లో ది విన్‌స్టన్స్ బృందం రికార్డులోది. సుమారు ఏడు సెకన్లు ఉంటుంది, అంతే. దాన్ని వాయించిన గ్రెగరీ కోల్‌మన్‌కు ఒక్క పైసా రాయల్టీ ముట్టలేదు. 2006లో నిలువ నీడ లేని స్థితిలో పోయాడని చెబుతారు. బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 2015లో అభిమానులు చందాలు పోగుచేసి కొంత ఇచ్చారు. మా నాన్నగారు నాటకాల్లో హార్మోనియం వాయించేవారు, ఆయన కట్టిన వరుసలు ఎందరో వాడుకున్నారు, పేరు మాత్రం ఎక్కడా లేదు. అందుకే ఈ విషయం నాకు గుచ్చుకుంటుంది.

దరువుదాసు
మీటలమనిషి గారూ, మీ మాట కాదనలేను. నా వృత్తిలో ఇది రోజూ కనిపిస్తుంది. ఒక చిన్న తేడా మాత్రం చెప్పనివ్వండి. 'ఫైర్‌స్టార్టర్' రచయితల పేర్లు చూడండి. హౌలెట్, ఫ్లింట్ తర్వాత ది బ్రీడర్స్ బృందానికి చెందిన కిమ్ డీల్ పేరు ఉంటుంది, ఆ గిటారు ముక్క వాళ్లది కాబట్టి. ఆర్ట్ ఆఫ్ నాయిజ్ వాళ్ల పేర్లూ ఉంటాయి, మధ్యలో వచ్చే 'హే' అనే కేక వాళ్లది కాబట్టి. పేరున్నవాళ్లకు న్యాయం జరిగింది. డ్రమ్మర్లకు జరగలేదు. పాటకు రచయిత అంటే రాగం, మాటలు కట్టినవాడేనని చట్టం అనుకోవడం వల్ల దరువు కట్టినవాడు లెక్కలోకి రాడు. అసలు కిటుకు అక్కడ ఉంది.

మీటలమనిషి
ఇది ఒప్పుకుంటాను. మద్దెల వాయించేవాళ్లది ఇక్కడా ఇదే కథ.

సంధ్యాకిరణం
పేర్ల మాట వచ్చింది కాబట్టి. 'స్మాక్ మై బిచ్ అప్' పాటలో వినిపించే ఆలాపన పాడింది షాహిన్ బదర్, దక్షిణాసియా మూలాలున్న బ్రిటిష్ గాయని. ఆ ఆలాపనకు ఆధారం షీలా చంద్ర పాడినది. అంత రచ్చ జరిగిన పాటలో ఈ ఇద్దరి పేర్లు ఎంతమందికి తెలుసు?

ఆడవాళ్లను కొట్టమన్నట్టు వినిపించే ఆ శీర్షికను నేను ఎప్పుడూ సమర్థించను. ఏదైనా ఉద్ధృతంగా చేయడం గురించేనని బృందం చెప్పింది, నాకు చాలలేదు. అమెరికాలో మహిళా సంఘాలు గొడవ చేశాయి, వాల్‌మార్ట్ లాంటి దుకాణాలు ఆల్బమ్‌నే తీసేశాయి. 1998లో రెడింగ్ ఉత్సవంలో ఆ పాట వద్దని బీస్టీ బాయ్స్ బృందం అడిగినా వీళ్లు వాయించారు. 2023 ప్రదర్శనల్లో ఆ మాట మార్చి పాడారని తెలిసినప్పుడు సంతోషించాను. ఆలస్యమైనా మంచి పని. కానీ ఆ ఆలాపన మొదలయ్యే క్షణం, డ్రమ్ములన్నీ పక్కకు తప్పుకుని ఆ గొంతుకు దారి ఇచ్చే క్షణం, దాన్ని మాత్రం నేను వదులుకోలేను.

నల్లరికార్డు
ఆ క్షణం గురించి మాత్రం మనమంతా ఒక్కటే. అది ఉన్న 'ది ఫ్యాట్ ఆఫ్ ది ల్యాండ్' 1997లో బ్రిటన్, అమెరికా రెండింటిలోనూ మొదటి స్థానం. ఆ ఏడాదే గ్లాస్టన్‌బరీ సంగీత ఉత్సవంలో పిరమిడ్ వేదిక మీద ప్రధాన ప్రదర్శన. డ్యాన్స్ సంగీతానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

పాతక్యాసెట్టు
ఆ వేదిక ఎక్కించింది రేవ్‌లలో నేర్చిన విద్యే. అప్పటి డ్యాన్స్ బృందాలు చాలావరకు యంత్రాల వెనక తలవంచుకుని నిలబడేవి. ప్రాడిజీలో ముందు ముగ్గురు ఉన్నారు. ఇద్దరు ఆడతారు, ఒకరు జనాన్ని పిలుస్తారు. పేరులేని గోదాముల్లో వారం వారం చేసి చేసి వచ్చిన ఒడుపు అది. 'ఫైర్‌స్టార్టర్'లో ఫ్లింట్ మొదటిసారి గొంతు విప్పాడు. ఆరేళ్లు ఒంటితో చెప్పినదాన్ని అప్పుడు నోటితో చెప్పాడు. టీవీలో అది చూసి పిల్లలు భయపడుతున్నారని తల్లిదండ్రులు బీబీసీకి ఫిర్యాదుల మీద ఫిర్యాదులు చేశారు.

గోదారిగాలి
మా అమ్మమ్మ ఎమ్‌టీవీలో అతణ్ణి చూసి, 'పాపం, ఈ పిల్లవాడికి ఎవరైనా తలకు నూనె రాయండిరా' అంది.

ఎసెక్స్_పొద్దు
గోదారిగాలి అమ్మమ్మగారు అతణ్ణి సరిగ్గానే చూశారు. ఇక్కడివాళ్లు చెప్పే ఫ్లింట్ చాలా నెమ్మదైన మనిషి. ప్లెషీ అనే పల్లెలో కొంతకాలం ఒక పబ్బు నడిపాడు. అక్కడ పొయ్యి వెలిగించడానికి అతను వంగినప్పుడల్లా ఎవరో ఒకరు ఫైర్‌స్టార్టర్ హాస్యం ఆడేవారు. అలా అన్నవాళ్లు డబ్బాలో ఒక పౌండు వేయాలని నియమం, ఆ డబ్బు దానానికి. మోటారు సైకిళ్ల పందేలకు సొంత జట్టు ఉండేది. 2015లో ఐల్ ఆఫ్ మ్యాన్ పందేల్లో ఆ జట్టు గెలిచింది. 2019 మార్చి 4న ఎసెక్స్‌లోని ఇంట్లో పోయాడు, నలభై తొమ్మిదేళ్లు. అంత్యక్రియలు బ్రెయిన్‌ట్రీ పక్కనే బాకింగ్‌లో జరిగాయి. దారి పొడవునా జనం నిలబడ్డారు.

విశాఖ_అల
ఆ వార్త చూసిన రోజు ఆఫీసులో పని చేయలేకపోయాను.

నల్లరికార్డు
పాతక్యాసెట్టు గారిని ఒకటి అడుగుతాను. మరి 1997 తర్వాత సంగతి? 2000లో లీరాయ్ వెళ్లిపోయాడు. 2004 ఆల్బమ్‌లో ఫ్లింట్ గొంతు లేదు, మాక్సిమ్ గొంతు లేదు. హౌలెట్ ల్యాప్‌టాప్ మీద ఒంటరిగా చేశాడు. మొదటి స్థానానికి వెళ్లింది, నిజమే, కానీ నాకు అది ప్రాడిజీలా అనిపించదు. రేవ్ పునాది అంత గట్టిదైతే అప్పుడు ఏమైంది?

పాతక్యాసెట్టు
మనుషులు లేకపోతే ఏమవుతుందో అది చూపించింది. ముగ్గురూ మళ్లీ కలిశాక 2009లో 'ఇన్‌వేడర్స్ మస్ట్ డై' వచ్చింది, సొంత లేబుల్ మీద. అందులో 'వారియర్స్ డ్యాన్స్' వినండి. అచ్చంగా పాత రేవ్ పాట. ఇరవై ఏళ్ల తర్వాత వాళ్లు ఊపిరి తీసుకోవడానికి వెళ్లిన చోటు అదే. దాని తర్వాత 2015లో ఒకటి, 2018లో 'నో టూరిస్ట్స్'. 'జిల్టెడ్' నుంచి వరుసగా ఆరు ఆల్బమ్‌లు బ్రిటన్‌లో మొదటి స్థానం. ఫ్లింట్ పోయాక కూడా 2022 నుంచి హౌలెట్, మాక్సిమ్ ఇద్దరూ మళ్లీ వేదికలెక్కుతున్నారు.

దరువుదాసు
'రన్ విత్ ది వుల్వ్స్'లో డ్రమ్ములు వాయించింది డేవ్ గ్రోల్. ఒకప్పటి నిర్వాణ రాక్ బృందపు డ్రమ్మర్. అతని దెబ్బను కూడా హౌలెట్ కోసి పేర్చి తన దరువులా మార్చుకున్నాడు. పద్ధతి మారలేదు, పెట్టె మారింది.

మెరుపుతీగ
ఇంతమంది ఇంత ప్రేమగా చెబితే వినకుండా ఎలా ఉంటాను? 'ఎక్స్‌పీరియన్స్' ఈసారి హెడ్‌ఫోన్లతో మొదటినుంచి వినాలనుకుంటున్నాను. వరుసగా వినాలా, ఏదైనా ముందు వినాలా?

సంధ్యాకిరణం
'వెదర్ ఎక్స్‌పీరియన్స్'తో మొదలుపెట్టండి. ఎనిమిది నిమిషాలు. టీవీ వాతావరణ వార్తల గొంతు, నెమ్మదిగా కమ్ముకునే సింథ్, చాలాసేపటికి గానీ దరువు రాదు. అన్నీ ఒకేలా ఉన్నాయన్న అభిప్రాయం అక్కడే పోతుంది.

నల్లరికార్డు
ఆ ఒక్క పాట విషయంలో నేనూ ఒప్పుకుంటాను. ఆ తర్వాత 'యువర్ లవ్', ఆ పియానో కోసం.

పాతక్యాసెట్టు
ఇంకొక్కటి. ఆల్బమ్‌లో ఉన్న 'చార్లీ' వేరే రూపం, డ్రమ్ము, బేస్ ముందుకు తెచ్చినది. 1991లో సింగిల్‌గా జనం విన్నది 'ఆలీ క్యాట్' రూపం. రెండూ పక్కపక్కన వినండి. నాకు ఆల్బమ్ రూపమే ఎక్కువ ఇష్టం.

విశాఖ_అల
సింగిలే మేలు. పిల్లి అరుపు పడ్డాక ఆ పెద్ద సింథ్ వచ్చి గుద్దాలి, ఆల్బమ్ రూపంలో ఆ దెబ్బ లేదు. దీని మీద రేపు తీరిగ్గా వాదిస్తాను.